మధుమేహ రోగులకు ఏ రొట్టె మేలు? కోడంబాక్కం అంగళ్ళలో గమనించవలసిన విషయాలు

సత్యవేడు, నాగలాపురం, నగరి, పుత్తూరు, తడ, సూళ్ళూరుపేట ప్రాంతాల కుటుంబాలకు చెన్నైలోని కోడంబాక్కం కొత్త ఊరు కాదు. సెంట్రల్ స్టేషనులో రైలు దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషనులో తాంబరం వైపు వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే నాలుగవ స్టేషను అదే. ఒకప్పుడు తెలుగు సినిమాకు నిలయమైన ఆ వీధులలో నేటికీ తెలుగు అర్థమయ్యే అంగడివాళ్ళు ఉన్నారు. అయితే ఇప్పుడు సరిహద్దు గ్రామాల వారు అక్కడికి వెళ్ళేది ఎక్కువగా వైద్యం కోసమే. కోడంబాక్కాన్ని ఆనుకొని ఉన్న వడపళనిలో నిర్మాత బి. నాగిరెడ్డి 1972లో స్థాపించిన విజయా ఆస్పత్రి మొదలుకొని, ఆర్కాటు రోడ్డు పొడవునా ఆస్పత్రులు, రక్తపరీక్షా కేంద్రాలు వెలిశాయి.

ఆ రోడ్డుమీద ఉదయం ఎనిమిది గంటల వేళ ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. పరగడుపున రక్తం ఇచ్చి వచ్చిన పెద్దాయనకు ఇంటివాళ్ళు పక్క బేకరీలో బ్రెడ్డు కొనిపెడతారు. రెండు గంటల తరువాత మళ్ళీ రక్తం ఇవ్వాలి. ఇడ్లీ తింటే షుగరు పెరుగుతుందని, అన్నం అసలే వద్దని, బ్రెడ్డయితే "పత్యం" కనుక భయం లేదని వారి నమ్మకం. జ్వరం వచ్చినవారికి పాలు, రొట్టె పెట్టే అలవాటు తరతరాలుగా ఉంది. ఆ అలవాటే మధుమేహానికీ పాకింది. ఈ నమ్మకంలో నిజం ఎంత, ఏ రొట్టె కొనాలి, ఎంత తినాలి అన్న విషయాలను ఇక్కడ వివరంగా పరిశీలిద్దాం.

మధుమేహం ఎక్కడో పట్టణాల జబ్బు అనుకునే రోజులు పోయాయి. భారత వైద్య పరిశోధనా మండలితో కలిసి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ జరిపిన దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో ఉన్నారు. 13 కోట్ల 60 లక్షల మంది దాని ముంగిట నిలిచి ఉన్నారు. ఈ జబ్బుకు ప్రత్యేక వైద్యం మన దేశంలో వేళ్ళూనుకొన్నది కూడా ఈ నగరంలోనే. ప్రొఫెసర్ ఎం. విశ్వనాథన్ 1948లో స్టాన్లీ ఆస్పత్రిలో మధుమేహ విభాగాన్ని ప్రారంభించి, 1954లో రాయపురంలో ప్రత్యేక ఆస్పత్రిని నెలకొల్పారు.

రొట్టెలో ఉన్నదేమిటి?

సాధారణ తెల్ల బ్రెడ్డు 100 గ్రాములలో సుమారు 50 గ్రాములు పిండిపదార్థమే. ఒక ముక్క తూకం 25 నుండి 30 గ్రాములు ఉంటుంది గనుక ఒక్కొక్క ముక్కతో 12 నుండి 15 గ్రాముల పిండిపదార్థం ఒంట్లోకి చేరుతుంది. ఇంట్లో 30 గ్రాముల గోధుమపిండితో చేసిన ఒక చపాతీలో అది 20 గ్రాముల దాకా ఉంటుంది. అంటే రెండు ముక్కల బ్రెడ్డు ఇంచుమించు ఒకటిన్నర చపాతీకి సమానం. నాలుగు ముక్కలు తిని "ఉత్త బ్రెడ్డే కదా తిన్నది" అనుకునేవారు నిజానికి మూడు చపాతీలు తిన్నారన్నమాట. ఈ లెక్క తెలియకనే చాలామంది మోసపోతున్నారు.

బ్రెడ్డులో వేసే చక్కెర చాలా తక్కువ, 100 గ్రాములకు మూడు నాలుగు గ్రాములు, తీపి బ్రెడ్డయితే కొంత ఎక్కువ. కనుక "షుగర్ ఫ్రీ" అని అచ్చువేసిన బ్రెడ్డు కొన్నా తప్పించుకొన్నది ఆ మూడు నాలుగు గ్రాములనే. మిగిలిన పిండిపదార్థమంతా అలాగే ఉంటుంది, జీర్ణమై గ్లూకోజుగానే మారుతుంది. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం 100 గ్రాములలో అర గ్రాముకు మించి చక్కెర లేకపోతే షుగర్ ఫ్రీ అని వ్రాసుకోవచ్చును. ఆ మాట చక్కెరను గురించి మాత్రమే చెబుతుంది, మైదాను గురించి ఏమీ చెప్పదు.

గోధుమరంగు రొట్టె నిజంగా గోధుమ రొట్టేనా?

గోధుమ గింజలో మూడు భాగాలున్నాయి. పైన పొట్టు, లోపల మొలకెత్తే భాగం, మధ్యలో తెల్లని పిండి. మొదటి రెండింటినీ తీసివేసి మిగిలిన తెల్లపిండిని మెత్తగా ఆడిస్తే మైదా వస్తుంది. పీచు, విటమిన్లు అధికంగా ఉన్నది తీసివేసిన భాగాలలోనే. మైదాతో చేసిన బ్రెడ్డు తెల్లగా, మెత్తగా ఉబ్బుతుంది. పొట్టుతో కూడిన పిండితో చేసినది బరువుగా, కొంచెం గరుకుగా ఉంటుంది. జనానికి మెత్తనిదే ఇష్టం కనుక తయారీదారులు మైదానే ఎక్కువ వేసి, కొద్దిగా గోధుమపిండి కలిపి, రంగు కోసం కారమెల్ చేర్చి బ్రౌన్ బ్రెడ్ పేరుతో అమ్మడం ఉన్నది. కారమెల్ అంటే మాడ్చిన చక్కెరతో చేసే రంగు. కవరుమీద 150 అనే అంకె, దాని పక్కన ఎ, బి, సి, డి అక్షరాలలో ఒకటి ఉంటే అదే ఆ రంగు. చూపుకు ముదురుగా ఉన్నది పొట్టు ఎక్కువ ఉన్న బ్రెడ్డు కానక్కరలేదు.

ఇంకొక సంగతి వింటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఒక ఆహారం తిన్న తరువాత రక్తంలో గ్లూకోజు ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచే పద్ధతిని కెనడాలోని టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రవేశపెట్టింది. దానికి గ్లైసీమిక్ ఇండెక్స్ అని పేరు. గ్లూకోజును 100గా తీసుకొని తక్కిన ఆహారాలకు అంకెలు వేస్తారు. 2008లో ప్రచురితమైన అంతర్జాతీయ పట్టికలో తెల్ల బ్రెడ్డు సగటు 75 కాగా, గోధుమపిండి బ్రెడ్డు సగటు 74. తేడా ఒక్కటి మాత్రమే! కారణం స్పష్టమే. పొట్టు ఉన్నా, మెత్తగా దుమ్ములా ఆడించిన పిండి తొందరగానే జీర్ణమవుతుంది. అదే పట్టికలో గింజలు గింజలుగా కనిపించే రొట్టెలకు 53, చపాతీకి 52 ఉన్నాయి. బేకరీ బ్రెడ్డుకన్నా ఇంటి చపాతీ నిదానమన్నమాట.

అలాగని గోధుమపిండి బ్రెడ్డు, మైదా బ్రెడ్డు ఒక్కటే అనుకోరాదు. పీచు పొట్టను నిండుగా ఉంచుతుంది, మలబద్ధకాన్ని తగ్గిస్తుంది, దీర్ఘకాలంలో గుండెకు మేలు చేస్తుంది. కొనదలచినవారు గోధుమపిండిదే కొనాలి. కాకపోతే గోధుమపిండిది గనుక ఎన్ని ముక్కలయినా తినవచ్చుననే ధైర్యం పనికిరాదు.

కవరు వెనుక చదవవలసినవి

ముందువైపు బొమ్మలు, పెద్దక్షరాలు అమ్మకం కోసం. కొనేవారికి పనికివచ్చేది వెనుకవైపు సన్న అక్షరాలలో ఉంటుంది. ఇంట్లో చదువుకొన్న పిల్లలుంటే ఈ పని వారికి అప్పగించవచ్చును, ఇష్టంగా చేస్తారు. దినుసుల పేర్లు బరువు ఎక్కువగా ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా వ్రాయాలన్నది చట్టం. కనుక మొదటి మాటే ముఖ్యం. అక్కడ హోల్ వీట్ ఫ్లోర్ లేదా ఆటా అని ఉండాలి. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ లేదా మైదా అని ఉంటే ముందువైపు ఏమి వ్రాసివున్నా అది మైదా బ్రెడ్డే. ఆటా ఎంత శాతమో కూడా సాధారణంగా అక్కడే వేస్తారు. రెండు కవర్లు పక్కపక్కన పెట్టి ఆ శాతాలు పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

తరువాత పోషకాల పట్టికలో పీచు, అంటే డైటరీ ఫైబర్ ఎంతో చూడాలి. 100 గ్రాములకు 3 గ్రాములుంటే పీచు కలిగినదని, 6 గ్రాములుంటే పీచు సమృద్ధిగా కలిగినదని చెప్పుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. మధుమేహ రోగులు 6 గ్రాములు, అంతకు పైన ఉన్నదానిని వెదకడం మంచిది. చక్కెరకు మారుపేర్లు చాలా ఉన్నాయి. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజు, డెక్స్‌ట్రోజు, తేనె, బెల్లం అన్నీ ఆ కోవలోవే. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది చక్కెర లెక్కలోకి రాకపోయినా రక్తంలో గ్లూకోజును తొందరగా పెంచుతుంది. రక్తపోటు లేదా మూత్రపిండాల జబ్బు కూడా ఉన్నవారు సోడియం అంకెను తప్పక చూడాలి. రెండు ముక్కల బ్రెడ్డులో 250 నుండి 300 మిల్లీగ్రాముల సోడియం ఉండటం మామూలే. రోజంతటికీ 2000 మిల్లీగ్రాములకు లోపుగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

చిన్న బేకరీలలో కవరుమీద ఏమీ లేకుండా అమ్మే బ్రెడ్డు విషయంలో ఈ సౌకర్యం ఉండదు. అడిగి తెలుసుకోవడమే మార్గం. కోడంబాక్కం అంగడిలో "మైదా కలందిరుక్కా?" అని అడిగితే నిజం చెప్పేవాళ్ళూ ఉన్నారు. "ముళు కోదుమై" అంటే పొట్టుతో కూడిన గోధుమ. ఉత్త "కోదుమై బ్రెడ్" అన్నమాటకు ఏ అర్థమూ లేదు, మైదా కూడా కోదుమై నుండి వచ్చినదే కదా. "నార్చత్తు" అంటే పీచు, "మావుచ్చత్తు" అంటే పిండిపదార్థం. "నాట్టు సర్క్కరై" వేసి చేశామని, "కరుప్పట్టి" వేసి చేశామని ఊరిస్తూ అమ్మే బన్నులు, బిస్కెట్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. మొదటిది శుద్ధిచేయని చెరకు చక్కెర, రెండవది తాటిబెల్లం. చక్కెర వ్యాధి ఉన్నవారికి రెండూ చక్కెరతో సమానమే.

చిరుధాన్యాల రొట్టెలు, పేర్ల తికమక

సరిహద్దు కుటుంబాలకు రెండు భాషలూ వచ్చు. అయినా ధాన్యాల పేర్ల దగ్గర పొరపాటు పడటం సహజం. తమిళంలో "కేళ్వరగు" అంటే రాగులు, కొందరు "కేప్పై" అంటారు. "వరగు" అంటే మన అరికెలు. తెలుగులో వరిగెలు అనేవి వేరే ధాన్యం, దానిని తమిళులు "పనివరగు" అంటారు. "కంబు" సజ్జలు, "తినై" కొర్రలు, "సామై" సామలు, "కుదిరైవాలి" ఊదలు, "చోళం" జొన్నలు. వరగు బ్రెడ్డు అని అడిగి రాగి బ్రెడ్డు కోసం ఎదురుచూసినవారికి అరికెల బ్రెడ్డు రావడంలో అంగడివాడి తప్పేమీ లేదు.

ఇంతకూ ఈ బ్రెడ్లు మంచివేనా? గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పిండిని సాగేలా చేసి, ఉబ్బినపుడు గాలిని పట్టి ఉంచుతుంది. రాగులలో, జొన్నలలో, కొర్రలలో అది లేదు. అందుచేత వాటితో మాత్రమే మెత్తని బ్రెడ్డు చేయడం కష్టం. రాగి బ్రెడ్డు పేరుతో వచ్చేదానిలో చాలావరకు మైదాయో గోధుమపిండో ఉండి, రాగిపిండి కొద్ది శాతమే ఉంటుంది. ఇక్కడ కూడా దినుసుల వరుసే సాక్ష్యం. మల్టీగ్రెయిన్ బ్రెడ్డు సంగతీ అంతే. పైన చల్లిన నాలుగు నువ్వులు, అవిసె గింజలు చూసి లోపలిదంతా ధాన్యాలే అనుకోరాదు. గింజలు పిండిలోనే కలిసి, కోసిన ముక్కలో విరివిగా కనబడుతుంటే అది మేలైన రకం.

నిజానికి రొట్టె అనే మాటకు మన ఇళ్ళలో ఉన్న అర్థం వేరు. జొన్నరొట్టె, సజ్జరొట్టె చేయగలిగిన ఇల్లాలు ఉన్న ఇంటికి కోడంబాక్కం బేకరీ బ్రెడ్డుతో అవసరమే లేదు. వాటిలోనూ పిండిపదార్థం ఉంది, కొలత తప్పదు. కానీ మైదా ఉండదు, దాచిపెట్టిన చక్కెర ఉండదు. రాగిసంకటి, రాగిజావ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మెత్తగా ఆడించి, పలుచగా కాచిన జావ తొందరగా జీర్ణమై షుగరును త్వరగా పెంచుతుంది. రాగి అన్నంత మాత్రాన గ్లాసులకు గ్లాసులు తాగరాదు.

రస్కులు, బన్నులు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రస్కు అంటే ఎండబెట్టిన తీపి బ్రెడ్డు. నీరు పోయినందున 100 గ్రాములలో పిండిపదార్థం 70 గ్రాములు దాటుతుంది. టీలో ముంచి నాలుగు రస్కులు తినడం తేలిక ఫలహారమని భావించడం పొరపాటు.

ఎంత తినాలి, దేనితో తినాలి?

ఒక పూటకు రెండు ముక్కలు చాలామందికి సరిపోతాయి. పొలం పనిచేసేవారికి, ఇన్సులిన్ తీసుకొనేవారికి, పెద్దవయసు వారికి లెక్క వేరుగా ఉంటుంది, ఆహార నిపుణులను అడగాలి. ఉత్త బ్రెడ్డును తీపి కాఫీతో తినడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. జాము సంగతి చెప్పనే అక్కరలేదు. ఉడికించిన గుడ్డు, వేయించని పెసలు, సెనగల గుగ్గిళ్ళు, దోసకాయ, టమోటా ముక్కలు, కూర, పెరుగు వంటివి తోడుగా ఉంటే జీర్ణం నిదానిస్తుంది. 2015లో న్యూయార్కు వైద్యులు పదకొండుమంది మధుమేహ రోగులకు ఒకే భోజనాన్ని రెండు విధాలుగా పెట్టి చూశారు. రొట్టె, పండ్లరసం ముందు తిన్న రోజుకన్నా, కూరగాయలు, మాంసం ముందు తిని పావుగంట తరువాత రొట్టె తిన్న రోజున గంటకు చూసిన గ్లూకోజు మూడోవంతుకు పైగా తక్కువ ఉన్నది. చిన్న పరిశోధనే అయినా ఖర్చు లేని ఉపాయం. ముందు కూర, గుడ్డు తిని తరువాత బ్రెడ్డు తింటే సరి.

ఏ బ్రెడ్డు తనకు సరిపోతుందో తేల్చేది చివరకు ఎవరి రక్తం వారిదే. ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవారు తినకముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరొకసారి చూసి కాగితంమీద వ్రాసుకోవాలి. ఒక రోజు రెండు ముక్కల బ్రెడ్డు, మరొక రోజు ఒకటిన్నర చపాతీ, ఇంకొక రోజు జొన్నరొట్టె, తోడు కూర మాత్రం ఒక్కటే ఉండేలా చూసుకుంటే పోలిక నిజమైనదిగా ఉంటుంది. తిన్న తరువాత అంకె 180కి లోపు ఉండాలన్నది పెద్దలకు సాధారణంగా పెట్టే లక్ష్యం. గర్భిణులకు రెండు గంటలకు 120 లోపు ఉండాలి.

ఇక ఆర్కాటు రోడ్డు బేకరీ దగ్గరికి మళ్ళీ వద్దాం. పరీక్ష రోజున మాత్రమే రెండు ముక్కలు తిని, ఇంట్లో మూడు పూటలా కంచం నిండా అన్నం తినేవారికి ఆ రోజు వచ్చే అంకె మంచిదిగానే కనిపించవచ్చును. డాక్టరు దానిని నమ్మి మందు మార్చకపోతే నష్టపోయేది కళ్ళు, మూత్రపిండాలు, కాళ్ళ నరాలే. పరీక్ష రోజున కూడా ఇంట్లో రోజూ తినేదే, అంతే మోతాదులో తినాలి. ఇంటినుండి డబ్బాలో తెచ్చుకొంటే మరీ మంచిది. ఏమి తిన్నదీ చీటీమీద వ్రాసి డాక్టరుకు చూపాలి. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షను ఒక్కపూట పత్యంతో మార్చలేము.

ప్రయాణంలో

పరగడుపు పరీక్ష కోసం తెల్లవారుజామున ఊరు వదిలి, మధ్యాహ్నం దాకా ఏమీ తినని రోగులు ఉన్నారు. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవారికి ఇది ప్రమాదకరం. ఆ ఉదయం మందు ఎప్పుడు తీసుకోవాలో ముందురోజే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే, మీటరులో 70కి తక్కువ ఉంటే, చాలామంది చేతిలో ఉన్న బ్రెడ్డు తినిపిస్తారు. ఆ సమయంలో బ్రెడ్డు ఆలస్యంగా పనిచేస్తుంది. ముందుగా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించాలి. ఇంకా తక్కువగా ఉంటే మరొకసారి ఇవ్వాలి. కోలుకొన్న తరువాతనే బ్రెడ్డు. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి ఇంటి చక్కెర త్వరగా ఒంటబట్టదు, వారికి మందుల అంగడిలో దొరికే గ్లూకోజు పొడినే ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏదీ పోయరాదు, వెంటనే 108కి ఫోను చేయాలి. తమిళనాడులోనూ, ఆంధ్రలోనూ ఆ అంకె ఒక్కటే.

కోడంబాక్కంలో కొన్న మంచి గోధుమ బ్రెడ్డును ఊరికి తెచ్చుకొనేవారు తేదీ చూసి కొనాలి. నిలువ మందులు వేయనిది వేసవిలో మూడు నాలుగు రోజులకే బూజు పడుతుంది. ఒక ముక్కకు బూజు కనిపించినా కవరు మొత్తం పారవేయాలి. ఫ్రిజ్ మామూలు అరలో పెడితే గట్టిపడుతుంది, గడ్డకట్టే పై అరలో పెట్టి, కావలసిన రెండు ముక్కలు మాత్రం తీసి పెనంమీద కాల్చుకోవచ్చును. ఇలా గడ్డకట్టించి కాల్చిన తెల్ల బ్రెడ్డు తిన్నపుడు గ్లూకోజు కొంత తక్కువగా పెరిగిందని 2008లో ఇంగ్లండులో పదిమంది ఆరోగ్యవంతులపై జరిపిన పరిశోధన తెలిపింది. ఆ కొంతను చూసుకొని మూడవ ముక్క తీయకూడదు.